మూతపడ్డ బడిని మూడు తరాలు కూర్చునే చోటుగా మార్చుకోవడం ఎలా?

"బడి మూతపడి నాలుగేళ్లయింది, భవనం పాడైపోతోంది. ఊరికి పనికొచ్చేలా ఏమైనా చేసుకోవచ్చా?" కాశీనగరం వైపు వాళ్లు ఇదే అడిగారు, గుణుపురం వాళ్లు అడిగారు, మొన్న రాయగడ బస్సులో పక్కన కూర్చున్న ఆయన కూడా అడిగారు. ప్రతిసారీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడికి దగ్గర్లో మా ఊళ్లో మూడు గదుల ప్రైమరీ బడిని ఇలాగే మార్చుకున్నాం. మేం చేసిన పనులతో పాటు చేసిన తప్పులు కూడా ఇందులో ఉన్నాయి.

మన సరిహద్దు ఊళ్ల సంగతి మీకు తెలిసిందే. వయసులో ఉన్నవాళ్లు విశాఖ, హైదరాబాద్, చెన్నై వెళ్లిపోయారు. గంజాం వైపైతే సూరత్ కూడా. ఇళ్లలో మిగిలింది తాతలు, మామ్మలు, మనవలు. తాతకు తెలుగు చదవడం వచ్చు, ఒడియా కాగితం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూస్తాడు. మనవడు బడిలో ఒడియా చదువుతున్నాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, తన పేరు మాత్రం తెలుగులో రాయలేడు. వీళ్లిద్దరికీ ఒకరితో ఒకరికి పని ఉంది. ఆ పని జరగడానికి ఓ నీడ కావాలి.

ముందే ఒక హెచ్చరిక. బడి ఇంకా నడుస్తుంటే, పిల్లలు పది మందే ఉన్నా సరే, ఈ మాట ఎత్తకండి. మనం భవనం అడిగితే అదే సాకుగా బడి ఎత్తేసే ప్రమాదం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం కింద పెట్టిన నిబంధనల ప్రకారం 1 నుంచి 5 తరగతుల పిల్లలకు కిలోమీటరు లోపల, 6 నుంచి 8 వరకు 3 కిలోమీటర్ల లోపల బడి ఉండాలి. మీ ఊరి పిల్లలకు అంత దగ్గర్లో వేరే బడి లేకపోతే ముందు బడి తెరిపించమని అర్జీ పెట్టండి. అది తేలాకే కింద రాసినవన్నీ.

కావలసినవి

మనుషులు: కనీసం ఏడుగురు. రేపు సొసైటీగా రిజిస్టర్ చేయించాలన్నా 1860 చట్టం ప్రకారం ఏడుగురు ఉండాలి. ఈ ఏడుగురిలో మహిళా సంఘాల నుంచి ఇద్దరు, రిటైరైన మాస్టారు ఒకరు, వార్డు మెంబరు ఒకరు, ఊళ్లోనే ఉండే కుర్రాడు ఒకడు తప్పనిసరి. మిగతా ఇద్దరూ పక్క వీధి ఒడియా కుటుంబాల నుంచి, సవర గిరిజన కుటుంబాల నుంచి ఉండాలి. "తెలుగువాళ్ల బడి కదా, మనమే చూసుకుందాం" అనుకుంటే పని మొదటి మీటింగులోనే చెడుతుంది. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆ ఊరి పక్కన ఉన్నవాళ్లం, కనీసం కుర్చీ వేయడం మన బాధ్యత.

కాగితాలు: బడి యుడైస్ కోడ్ (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు), భూమి ఖాతా నంబరు, ప్లాటు నంబరు, పాత కరెంటు బిల్లు.

సామాను: సుత్తి, టార్చి, టేపు, నిచ్చెన, సుద్దముక్కలు, పెన్సిలు, మాస్కులు, గమ్‌బూట్లు, గట్టి చేతి తొడుగులు.

కాలం: కాగితాల పని వానాకాలంలోనే మొదలుపెట్టండి. కట్టుబడి పని సంక్రాంతి దాటాక మొదలై మే నెలాఖరుకు అయిపోవాలి. కప్పు సగం ఊడదీసి ఉండగా జూన్ వానలు పడితే చేసిన ఖర్చంతా నీళ్లపాలు.

1. భవనం ఎవరిదో తేల్చుకోండి

బడి గవర్నమెంటుది కాబట్టి భూమి కూడా గవర్నమెంటుదే అనుకోవద్దు. మన వైపు చాలా బళ్లు ఎవరో పెద్దాయన నోటిమాటగా ఇచ్చిన స్థలంలో కట్టినవి. ఇచ్చినాయన పోయారు, పట్టా మాత్రం ఇంకా ఆయన పేరునే ఉంటుంది. మనం రంగులు వేసి బోర్డు కట్టిన రోజున మనవడు వచ్చి "ఇది మా తాత స్థలం" అంటాడు.

ఒడిశా భూమి రికార్డులుండే భూలేఖ్ సైట్లో జిల్లా, తహసీల్, ఊరు కొట్టి ఖాతా చూడండి. అక్షరాలన్నీ ఒడియాలో ఉంటాయి, చదివేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. మూడు విషయాలు రాసుకోవాలి: పట్టా ఎవరి పేరున ఉంది, భూమి ఏ రకం అని రాశారు, విస్తీర్ణం ఎంత. విస్తీర్ణం డెసిమల్స్‌లో ఉంటుంది. ఒక డెసిమల్ అంటే మన లెక్కలో ఒక సెంటే, వందైతే ఎకరం. సైట్లో చూసినదాన్ని ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసులో నక్షాతో, అంటే ఊరి భూమి పటంతో, సరిచూసుకోండి. సైట్లో ఉన్న ప్లాటు, బడి నిలబడిన ప్లాటు ఒకటే అని ఆర్‌ఐ నోట విన్నాకే ముందుకు వెళ్లండి.

దాత కుటుంబం పేరున ఉంటే వాళ్లనే కమిటీలోకి పిలవండి. రాతపూర్వకంగా ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే ఆ భవనం మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి, వేరే చోటు వెతకండి.

2. పల్లిసభలో తీర్మానం

ఒడిశాలో ఊరి స్థాయి సభను పల్లిసభ అంటారు, పంచాయతీ స్థాయిది గ్రామసభ. రెండింట్లోనూ తీర్మానం ఉంటే అర్జీకి బలం. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా, గజపతి జిల్లాలో కొంత భాగం షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి వస్తాయి. అక్కడ గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం వల్ల గ్రామసభ మాటకు ఇంకా ఎక్కువ విలువ ఉంటుంది.

తీర్మానంలో "కమ్యూనిటీ సెంటర్ పెట్టాలి" అని రాసి వదిలేయవద్దు. ఎవరి కోసం, ఏ వేళల్లో, ఎవరి బాధ్యతలో అన్నది రాయించండి. రిజిస్టరులో సంతకాలు అయ్యాక ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసుకోండి. మా ఊళ్లో తీర్మానం రాసిన రిజిస్టరు ఆఫీసులో నాలుగు నెలలు కనిపించలేదు. ఫోటో ఉండబట్టి పని ఆగలేదు.

3. అనుమతి కాగితం మీద తీసుకోండి

అర్జీ సర్పంచికి, బ్లాకు విద్యాధికారికి, బీడీఓకు (బ్లాకు అభివృద్ధి అధికారి) మూడు కాపీలు. ఒడియాలో రాయించండి, రాష్ట్ర అధికార భాష అదే. తెలుగు కాపీ ఊళ్లో చదివి వినిపించండి. అర్జీ పైన యుడైస్ కోడ్ వేయడం మరిచిపోవద్దు. పదకొండు అంకెలు, ఒడిశా బళ్లకు 21తో మొదలవుతుంది. ఒకే పేరుతో నాలుగు ఊళ్లలో బళ్లు ఉంటాయి కాబట్టి ఆఫీసులో ఫైలు దొరికేది ఆ నంబరుతోనే.

కాగితంలో ఈ నాలుగూ ఉండేలా చూసుకోండి. ఎన్నేళ్లకు ఇస్తున్నారు: ఐదేళ్లు అడగండి, మూడిచ్చినా తీసుకోండి. మరమ్మతులు ఎవరివి. కరెంటు బిల్లు ఎవరిది. పిల్లల సంఖ్య పెరిగి బడి మళ్లీ తెరిస్తే భవనం తిరిగి ఇచ్చేస్తాం అన్న మాట. ఈ చివరిది మనమే రాసి ఇస్తే అధికారులు తొందరగా ఒప్పుకుంటారు. అంతకంటే ముఖ్యంగా, అది న్యాయం.

బడి పోలింగ్ బూత్‌గా ఉందేమో కనుక్కోండి. ఉంటే ఎన్నికలప్పుడు గది ఖాళీ చేసి ఇవ్వాలి, గోడ మీద రాసిన బూత్ నంబరును సున్నంతో కప్పేయకూడదు. తుఫాను వస్తే జనం తలదాచుకునేది కూడా ఇక్కడే అయితే ఒక గదిలో ఎప్పటికీ బరువైన సామాను పెట్టవద్దు.

4. తలుపు తెరిచే రోజు

ఏళ్ల తరబడి మూసిన గది. ఒక్కరే వెళ్లవద్దు, పిల్లలను అసలు తీసుకెళ్లవద్దు. తలుపులు, కిటికీలు తీసి గంటసేపు దూరంగా కూర్చోండి. గమ్‌బూట్లు వేసుకుని, పొడవాటి కర్రతో ముందు మూలలు, బెంచీల కింద తట్టండి. పాము కనిపిస్తే చంపబోకండి, పట్టేవాళ్లను పిలవండి. గబ్బిలాల రెట్ట ఉంటే పొడిగా ఊడవకూడదు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్లు చల్లి, మాస్కు కట్టుకుని పారతో ఎత్తండి.

బీరువా మాత్రం జాగ్రత్తగా తెరవండి. మా బడి బీరువా కింది అర చెదలు తినేసింది. పై అరలో అట్ట ఊడిన అడ్మిషన్ రిజిస్టర్లు మిగిలాయి. ఊదారంగు సిరాతో తెలుగులో రాసిన పేర్లు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. మా కమిటీలో డెబ్బై దాటిన ఆయన తన పేరు దగ్గర వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. చిత్తు కాగితాలని పాత సామాను వాడికి అమ్మేయబోయాం అప్పటికే. అలా చేయకండి. పుట్టిన తేదీకి, కులధ్రువీకరణకు, టీసీకి ఇప్పటికీ ఆ రిజిస్టరే ఆధారం అయ్యేవాళ్లు ఊళ్లో ఉంటారు. ప్రతి పేజీ ఫోటో తీసి, అసలువి విద్యాధికారి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. బెంచీలు, బోర్డులు, గంట, అన్నీ లెక్కరాసి సంతకం పెట్టించండి.

5. కప్పు, గోడలు పరీక్షించండి

అన్నింటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. చేతిలో ఉన్న డబ్బులో సగం కప్పుకే పోతుందని ముందే అనుకోండి.

స్లాబు అయితే: నిచ్చెన మీద పక్కకు నిలబడి, తలకు హెల్మెట్ పెట్టుకుని, సుత్తితో కప్పు కింది వైపున అడుగుకో చోట మెల్లగా కొట్టండి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది. లోపల విడిపోయిన చోట కుండ మీద కొట్టినట్టు బోలుగా వినిపిస్తుంది. బోలుగా ఉన్న ప్రతిచోటా సుద్దతో సున్నా చుట్టండి. అన్నీ అయ్యాక కిందికి దిగి చూడండి. సున్నాలు అక్కడక్కడా ఉంటే మరమ్మతు పని. గదిలో సగం సున్నాలే ఉంటే, లేదా పెచ్చులూడి బయటపడ్డ ఊచలు తుప్పుతో సన్నబడిపోతే, ఆ గదికి తాళం వేసేయండి. బ్లాకు జూనియర్ ఇంజినీరు వచ్చి చూసి కాగితం మీద రాసిచ్చేదాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదు. మూడు గదుల్లో రెండే బాగుంటే రెండింటితోనే మొదలుపెట్టండి.

గోడ పగుళ్లు: సన్నటి గీతల్లాంటి పగుళ్లకు భయం లేదు. తలుపు మూల నుంచి ఏటవాలుగా పైకి పోయే పగులు, వేలు పట్టేంత పగులు, గోడకు రెండువైపులా కనిపించే పగులు, ఇవి పునాది కదిలిందని చెబుతాయి. పగులు రెండు చివర్లా పెన్సిలుతో గీసి తేదీ వేయండి. పగులుకు అడ్డంగా సన్నటి గాజుముక్కను రెండు చివర్లా సిమెంటుతో అతికించండి. నెల తర్వాత గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. అప్పుడు పై పూత పనికిరాదు, ఇంజినీరు కావాలి.

చాలామంది చేసే తప్పు: "హాలు పెద్దగా ఉండాలి" అని రెండు గదుల మధ్య గోడ కొట్టేయడం. పాత బళ్లలో స్లాబు బరువు మోసేది ఆ గోడే. పెద్ద సభ కావాలంటే వరండా, దాని ముందు షామియానా చాలు.

6. కప్పు బాగుచేయడం

పని పైనుంచి కిందికి రావాలి. కింద ప్లాస్టరింగ్, రంగు ముందు వేసి పైన కారే చోటు వదిలేస్తే మొదటి వానకే పెచ్చులుగా రాలిపోతుంది. నేను చూసిన ఊళ్లలో డబ్బు ఎక్కువ వృథా అయింది ఇక్కడే.

పైన మొలిచిన రావి, మర్రి మొక్కలను వేళ్లతో సహా తీయాలి. కొమ్మ నరికితే మళ్లీ వస్తుంది. పిట్టగోడ, స్లాబు కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా పూడ్పించండి, నీళ్లు దిగేది ఎక్కువగా అక్కడినుంచే. నీళ్లన్నీ గొట్టం వైపు పారేలా వాలు పెట్టించండి. కింద బోలుగా ఉన్నచోట్ల వదులు సిమెంటు రాల్చి, ఊచల తుప్పు వైరు బ్రష్షుతో గీకి, తుప్పు పట్టని పూత పూశాకే కొత్త సిమెంటు మాల్ ఎక్కించాలి. మేస్త్రీ తుప్పు మీదే పూసేస్తుంటే ఆపండి.

సరిచూడటం: మరమ్మతు ఆరాక, సుత్తి పరీక్షలో బాగుందని తేలిన స్లాబు మీదే, నీటి గొట్టాలను తడి గోనెసంచులతో మూసి అంగుళం ఎత్తు నీళ్లు నిలపండి. 24 గంటల తర్వాత కింద టార్చి వేసి చూడండి. చెమ్మ మచ్చ లేకపోతేనే మేస్త్రీకి చివరి కిస్తీ ఇవ్వండి.

రేకుల కప్పు అయితే: పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొడిగా పగలగొట్టడం, బెజ్జాలు వేయడం, కోయడం చేయకండి. తడిపి, బోల్టులు విప్పి, రేకు పగలకుండా దించాలి. ముక్కలను గోతులు పూడ్చడానికి వాడితే ఆ నార దుమ్ము ఊళ్లోనే ఉండిపోతుంది. కొత్త ఇనుప రేకులు వేస్తే అంచుల్లో, కొప్పు దగ్గర బోల్టులు దగ్గర దగ్గరగా బిగించాలి. గాలి రేకును లేపేది అంచునుంచే. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. దసరాకు అటూ ఇటూగా ఉండే రోజులవి. ఏటా సెప్టెంబరులో ఒకరు పైకెక్కి ప్రతి బోల్టూ స్పానరుతో పట్టి చూడాలి.

7. కరెంటు, నీళ్లు

పాత మెయిన్ స్విచ్ వేసి చూడబోకండి. ఎలుకలు కొరికిన వైర్లు గోడలో ఉంటాయి. లైసెన్సు ఉన్న వైర్‌మన్‌తో మొత్తం చూపించి, కొత్త ఎర్త్ వేయించి, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే టక్కున కరెంటు పోవాలి. పోకపోతే అది చెడిపోయినట్టే. తడి చేతులతో వచ్చే పిల్లలు, చెప్పుల్లేని పెద్దవాళ్లు ఉండే చోటు, ఇందులో పొదుపు చేయకండి. దక్షిణ ఒడిశా జిల్లాల్లో కరెంటు పంపిణీ 2021 నుంచి టాటా పవర్ వాళ్ల కంపెనీ టీపీఎస్‌ఓడీఎల్ చూస్తోంది. వాళ్ల సెక్షన్ ఆఫీసులో పాత బకాయి ఎంతుందో రాయించుకుని, అది ఎవరు కట్టాలో తేలాకే పేరు మార్పించండి.

బావి ఉంటే పూడిక తీయించి బ్లీచింగ్ పౌడరు వేయాలి. లెక్క ఇది: వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు. బావి అడ్డుకొలతను అదే కొలతతో గుణించి, దాన్ని నీటి లోతుతో గుణించి, మళ్లీ 0.785తో గుణిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. కొలతలన్నీ మీటర్లలో ఉండాలి, ఒక ఘనపు మీటరు అంటే వెయ్యి లీటర్లు. అడ్డం 2 మీటర్లు, నీళ్లు 3 మీటర్లు ఉన్న బావిలో సుమారు 9,400 లీటర్లు, అంటే 24 గ్రాముల పౌడరు. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే బావిలో పోయండి. ఉండకట్టిన, వాసన పోయిన పాత పౌడరు పనిచేయదు. గంట తర్వాత క్లోరిన్ కిట్‌తో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాము కనిపించాలి. బోరింగ్ అయితే బాగా కొట్టి పాత నీళ్లు పారబోసి, నమూనాను పరీక్షకు పంపండి. రిపోర్టు వచ్చేదాకా తాగడానికి బయటి నీళ్లే.

8. మెట్లు, మరుగుదొడ్డి

బడి పిల్లల కోసం కట్టిన భవనం. మోకాళ్ల నొప్పులున్న మామ్మ మూడు మెట్లు చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. ర్యాంపు వేయండి: ఎత్తు ఒక అడుగుకు పొడవు పన్నెండు అడుగులు. అరుగు అడుగున్నర ఎత్తుంటే 18 అడుగుల ర్యాంపు. చోటు లేదని ఏటవాలు పెంచితే అది జారుడుబండ అవుతుంది. చోటు చాలకపోతే మధ్యలో మలుపు తిప్పండి. నునుపు టైల్స్ వద్దు, తడి సిమెంటు మీద చీపురుతో అడ్డంగా గీతలు గీస్తే చాలు. రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి.

మరుగుదొడ్డి ఒకటి కమోడ్‌తో, గోడకు పట్టుకునే కడ్డీతో, బయటికి తెరుచుకునే తలుపుతో ఉండాలి. లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు తీయలేం. ఇంకొకటి పిల్లల కొలతలో అలాగే ఉంచండి. లైటు స్విచ్ బయట పెట్టండి.

సరిచూడటం: ఊళ్లో కర్ర పట్టుకుని నడిచే ఒక పెద్దావిడను పిలిచి, గేటు నుంచి కుర్చీ దాకా, కుర్చీ నుంచి మరుగుదొడ్డి దాకా ఎవరి సాయమూ లేకుండా నడవమనండి. ఎక్కడ ఆగి గోడ పట్టుకుంటుందో అక్కడ ఇంకో కడ్డీ కావాలి.

9. గదులు పంచడం

మరుగుదొడ్డికి దగ్గర గది పెద్దవాళ్లకు. నల్లబల్ల ఉన్న గది పిల్లలకు, ఆ బల్లను పీకేయకండి. మూడోది మహిళా సంఘాలకు, వాళ్ల పుస్తకాలకు తాళం వేసే బీరువాతో. వరండా అందరిదీ. గోడలకు సున్నమే వేయండి, చల్లగా ఉంటుంది, ఏటా ఊరివాళ్లే వేసుకోగలరు.

పెద్దవాళ్లకు చేతులున్న కుర్చీలు కావాలి, లేచేటప్పుడు ఆసరా. బడి బెంచీలు వాళ్లకు పనికిరావు.

10. తాళంచెవి, వేళలు

పై పనులన్నీ డబ్బుంటే అయిపోతాయి. నేను చూసిన చోట్ల భవనం బాగుపడ్డాక కూడా మళ్లీ మూతపడింది ఈ ఒక్కదాని వల్లే. మా దగ్గర మొదటి నాలుగు నెలలు తాళంచెవి కమిటీ పెద్ద దగ్గర ఉండేది. ఆయన పొలానికి వెళ్లినా, పలాస వెళ్లినా తాళమే. ఒకరోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఒక మామ్మ కొత్త ర్యాంపు మీద కొంగు పరుచుకుని కూర్చుంది. "తాళం ఉందిలే బాబూ, నీడైనా ఉంది కదా" అంది. ఆ సాయంత్రమే నియమం మార్చాం.

ఇప్పుడు రెండు తాళంచెవులున్నాయి. ఒకటి గేటుకు ఎదురింట్లో, ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. రెండోది వారానికి ఒక సంఘం మహిళ దగ్గర వంతులవారీగా. తీసిన వేళ, వేసిన వేళ నోటు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. పదవిలో ఉన్నవాళ్ల దగ్గర చెవి ఉండకూడదు.

వేళలు మీ ఊరికి తగ్గట్టు పెట్టుకోండి. మావి ఇలా ఉన్నాయి: పొద్దున్న 7 నుంచి 9 పెద్దవాళ్లు, పేపరు, కబుర్లు. మధ్యాహ్నం సంఘాల మీటింగులు. ఆశా కార్యకర్తతో మాట్లాడుకుని నెలకు రెండుసార్లు బీపీ చూపిస్తాం. రాత్రి 7 నుంచి 9 పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు.

సాయంత్రం 4 నుంచి 6 మాత్రం ఎవరికీ విడిగా ఇవ్వకండి. అది పెద్దలు, పిల్లలు కలిసే వేళ. పని వాళ్లే తెచ్చుకుంటారు. కరెంటు బిల్లు, బ్యాంకు కాగితం, ఫోన్లో వచ్చిన మెసేజి, పింఛను చీటీ, అన్నీ ఒడియాలో. ఆరో తరగతి పిల్లవాడు చదివి తెలుగులో చెబుతాడు. బదులుగా తాత పలక మీద అక్షరం రాయిస్తాడు. మా ఊళ్లో ఒక పిల్ల ఠ రాస్తూ ఆగిపోయింది. "తాతా, మా ఒడియా ఠ ఒట్టి సున్నాలా ఉంటుంది. దీని కడుపులో చుక్క ఎందుకు?" అని అడిగింది. తాతకు జవాబు తెలియదు. ఆయన ఆ రోజు మొదటిసారి ఒడియా ఠ రాశాడు, చుక్క లేకుండా. అప్పటినుంచి ఆయన కూడా పలక తెచ్చుకుంటున్నాడు.

దీన్ని క్లాసుగా మార్చకండి. హాజరు, హోంవర్కు, పరీక్ష పెడితే పిల్లలు రెండో వారానికే మానేస్తారు. సవర పిల్లలు వస్తే వాళ్ల మామ్మను కూడా పిలవండి, వాళ్ల మాటలకూ బల్ల మీద చోటివ్వండి.

ఒడిశా ప్రభుత్వం వృద్ధులకు, వితంతువులకు, దివ్యాంగులకు మధుబాబు పింఛను ఇచ్చే 15వ తేదీన భవనం పొద్దున్నే తెరవండి. కుండలో నీళ్లు, కుర్చీలు, కాగితాలు చదివిపెట్టే ఒకరు ఉంటే చాలు. మొదట్లో ఇటు రానివాళ్లంతా ఆ రోజుతోనే అలవాటు పడ్డారు.

11. డబ్బు

బ్యాంకు ఖాతా ముగ్గురి పేరున, ఏ ఇద్దరు సంతకం పెట్టినా చెల్లేలా. ముగ్గురిలో ఒకరు మహిళ. పెద్ద మరమ్మతులకు పంచాయతీ నిధులు, ఎంపీ నిధులు అడగొచ్చు. నెలవారీ ఖర్చు మాత్రం ఊరినుంచే రావాలి. మేం ఇంటికి నెలకు 20 రూపాయలతో మొదలుపెట్టాం. బయట ఊళ్లలో ఉన్న పిల్లలను ఒకేసారి పెద్ద మొత్తం అడగకండి, కరెంటు బిల్లు ఒక్కో నెల ఒక్కొక్కరు కట్టమనండి. పెళ్లిళ్లకు అద్దెకిస్తే డబ్బు బాగానే వస్తుంది. కానీ వరసగా నాలుగు పెళ్లిళ్లు పడితే ముసలివాళ్లు, పిల్లలు బయటే. నెలకు రెండు రోజులకు మించి ఇవ్వబోమని ముందే రాసుకోండి.

నెల ఖర్చు వరండాలో నల్లబల్ల మీద తెలుగులో, ఒడియాలో రాయండి. దానివల్ల ఎన్ని అనుమానాలు పుట్టకముందే పోయాయో చెప్పలేను.

మూడు నెలల తర్వాత సరిచూసుకోండి

తాళంచెవి వేళలు రాసే పుస్తకం తీసి 90 రోజుల్లో ఎన్ని రోజులు తెరిచారో లెక్కపెట్టండి. 75కు తక్కువైతే చెవి ఉండే ఇల్లు మార్చాలి.

ఒక వారం రోజులు సాయంత్రం 5 గంటలకు గుమ్మం ముందు చెప్పులు చూడండి. చిన్న చెప్పులే ఉంటే అది ట్యూషన్ అయిపోయింది, అన్నీ పెద్దవే ఉంటే పేకాటకు దారి పడుతోంది. చిన్నవీ పెద్దవీ కలిసి ఉండాలి, గోడకు ఆనించిన చేతికర్ర ఒకటైనా కనిపించాలి. ఆడవాళ్ల చెప్పులు లేకపోతే సంఘం అక్కలను కూర్చోబెట్టి వేళ కుదరడం లేదా, మరుగుదొడ్డి బాగాలేదా, ఎవరి మాటైనా ఇబ్బందిగా ఉందా అని విడిగా అడగండి. మగవాళ్ల ముందు అడిగితే నిజం చెప్పరు.

చివరి పరీక్ష: వీధిలో ఆడుకుంటున్న ఏ పిల్లవాణ్ణయినా ఆపి "ఈ వారం తాళంచెవి ఎవరి దగ్గరుందిరా?" అని అడగండి. వెంటనే ఆ ఇల్లు చూపించాలి. చూపించలేకపోతే మళ్లీ 10వ పని దగ్గర మొదలుపెట్టండి.